నూలు మిద్దె మీద, మగ్గం నేల మీద: ఓస్లో ఏటి ఒడ్డు మిల్లులను చూసే తీరు

వరంగల్‌లో మిల్లు అంటే ఒక్కటే మిల్లు, అజంజాహీ. 1934లో మొదలైంది, 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి పోయింది, 2002లో మూతపడింది. ఆ జాగలో ఇప్పుడు ‘ఓ సిటీ’ అనే పేరుతో వేసిన ఇండ్ల ప్లాట్లు. జనం నోట్లో ఇంకా నానుతున్నది మిల్స్ కాలనీ అన్న పేరు. ఆ పేరుతో ఒక పోలీస్ స్టేషన్ కూడా ఉంది.

అదే పని చేసి, మనకంటే నలభై ఏండ్ల ముందే మూతపడ్డ మిల్లులు నార్వే రాజధాని ఓస్లోలో గోడలతో సహా నిలబడి ఉన్నాయి. ఆకెర్సెల్వా అనే చిన్న ఏటి రెండు ఒడ్డుల మీద, సాగెనే నుంచి గ్రూనర్‌లొక్కా బస్తీ దాకా, నడిచి చూసేంత దగ్గర దగ్గరగా. పిల్లలు చదువుకో ఉద్యోగానికో అక్కడికి పోతే చూసి రావడానికి వెళ్ళే మన పెద్దవాళ్ళు ఒపెరా హౌస్ కప్పు మీదికి ఎక్కి, విగెలాండ్ పార్కులో ఫొటోలు దిగి తిరిగొస్తారు. పత్తి పండించే జిల్లా నుంచి పోయినవాళ్ళు చూడాల్సింది ఈ ఏరు.

ఎర్ర ఇటుక గోడ, పెద్ద కిటికీ, పక్కన కాఫీ కొట్టు అనుకుంటూ పోతే అరగంటలో విసుగొస్తుంది. ఆ గోడ ఏ మిషను కోసం కట్టారు, ఆ కిటికీ అంత ఎత్తెందుకు అన్నది తెలిసి నడిస్తే ఒక పూట చాలదు. ఇక్కడ చెప్పేది ఆ సంగతే.

తొవ్వ ఎటునుంచి పట్టాలి

పైనుంచి కిందికి నడవండి. ఏటికి మొదలు మరిదాల్స్‌వన్నె చెరువు, సముద్రమట్టానికి 149 మీటర్ల ఎత్తున. ఊరికి తాగునీళ్ళు ఎక్కువ భాగం దాంట్లోంచే వస్తాయి కాబట్టి అందులో దిగనివ్వరు, ఈత అడుగకండి. కెల్సోస్ వైపు పోయే ట్రామ్ ఎక్కితే చెరువుకు దగ్గర్లో దింపుతుంది. పక్కనే టెక్నికల్ మ్యూజియం ఉంది. టికెట్ ట్రామ్ ఎక్కకముందే ఫోన్లో తీసుకోవాలి. కండక్టర్ రాడు, తనిఖీవాళ్ళు మాత్రం చెప్పకుండా వస్తారు, జరిమానా మన నెల కిరాణా ఖర్చంత ఉంటుంది.

మొత్తం నడక పది కిలోమీటర్ల లోపే, అంతా దిగుడే. ఆగుతూ చూస్తూ పోతే నాలుగు గంటలు పెట్టుకోండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు పైభాగం వదిలేసి మెట్రోలో నీదాలెన్ స్టేషన్‌లో దిగి అక్కణ్ణుంచి మొదలుపెట్టవచ్చు. చూడాల్సిన మిల్లులన్నీ ఆ కిందనే ఉన్నాయి. మే మధ్య నుంచి సెప్టెంబర్ దాకా మామూలు బూట్లు చాలు. నవంబర్ నుంచి మార్చి దాకా ఏటి పక్క బాట మీద మంచు కరిగి, మళ్ళీ గడ్డకట్టి అద్దంలా ఉంటుంది. అప్పుడు బూటు కింద తగిలించుకునే ఇనుప ముళ్ళ పట్టీలు లేకుండా దిగకండి. అక్కడి ముసలివాళ్ళు కూడా అవి వేసుకునే నడుస్తారు. తాగడానికి సీసా కొనకండి, కుళాయి నీళ్ళే పట్టుకోండి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, తినేది సంచిలో ఉండాలి. 

ఏరు కాదు, ఇంజను

149 మీటర్లు, పది కిలోమీటర్ల లోపు. ఈ రెండు అంకెలే ఈ బస్తీ పుట్టుకకు కారణం. మన వాగులు వానాకాలం ఎంత ఉరికినా అంత తక్కువ దూరంలో అంత దిగవు. సెకనుకు ఒక ఘనపు మీటరు, అంటే వెయ్యి లీటర్ల నీళ్ళు పది మీటర్లు కిందికి పడితే లెక్క ప్రకారం 98 కిలోవాట్ల శక్తి. నీటి చక్రంలో, పళ్ళ చక్రాల్లో, బెల్టుల్లో పోయేది పోగా 70 శాతం చేతికొస్తే సుమారు 69 కిలోవాట్లు, 90 హార్స్‌పవర్‌కు పైమాటే. ఏటి మీద ఇరవై దాకా జలపాతాలున్నాయి. అవే నీళ్ళు ఒక మిల్లును తిప్పి, కిందికి దిగి, ఇంకో మిల్లును తిప్పుతాయి.

మొదట ఇక్కడ రంపపు మిల్లులు ఉండేవి. సాగెనే అన్న పేరుకే రంపపు మిల్లులు అని అర్థం. నూలు మిల్లులు 1845 ప్రాంతంలో ఒక్కసారిగా ఎందుకు మొలిచాయంటే, అప్పటిదాకా నూలు మిషన్లు బయటికి అమ్మకుండా ఇంగ్లండ్‌లో చట్టం ఉండేది. 1843లో అది ఎత్తేశారు. రెండేండ్లు తిరక్కుండానే నీదాలెన్‌లో నీదాలెన్స్ కంపెనీ లేచింది, కింద వోయెన్ దగ్గర క్నూద్ గ్రో అనే ఆయన నూలు మిల్లు పెట్టాడు. హాల్వర్ షౌ అనే వ్యాపారి నేత మిల్లు, యూలా, 1855లో ఏటి ఒడ్డుకొచ్చింది. మరుసటి ఏడు తెరచాప గుడ్డ నేసే సైల్‌డ్యూక్ ఫ్యాక్టరీ. నార్వే ఓడల దేశం, తెరచాపకు గిరాకీ ఎట్లా ఉండేదో చెప్పనక్కరలేదు. పత్తి మాత్రం ఒక్క గింజ కూడా అక్కడ పండదు.

నీటి శక్తికి ఒక జబ్బుంది. నీళ్ళు బాగా చల్లబడ్డ రాత్రి ఏట్లో సన్నని మంచు పలుకులు పుట్టి, నీళ్ళు లోపలికి వచ్చే ఇనుప జాలీకి అంటుకుని గంటల్లో మూసేస్తాయి. మిల్లు ఆగిపోతుంది. ఎండాకాలంలో నీళ్ళు తక్కువ, అప్పుడూ అంతే. అందుకే నీటి పక్కనే ఉండి కూడా ఈ మిల్లులు ఆవిరి ఇంజన్లు పెట్టుకున్నాయి. ఏటి ఒడ్డున పొగగొట్టం కనిపిస్తే నీళ్ళుండగా ఇదెందుకని అనుకోకండి. అది నీళ్ళు ఆగిపోయే రోజుల కోసం.

ఎత్తు మిల్లా, పొట్టి మిల్లా

ఇప్పుడు అసలు సంగతి. సాగెనే దగ్గర బెయర్‌బ్రూవా వంతెన మీద నిలబడండి. వంతెన మీద మిల్లు ఆడకూలీల కంచు బొమ్మలుంటాయి, 1986లో ఎల్లెన్ యాకొబ్సెన్ చేసినవి. చుట్టూ ఉన్న భవనాల్లో కొన్ని నాలుగైదు అంతస్తులవి, సన్నగా పొడుగ్గా ఉంటాయి. కొన్ని ఒకే అంతస్తువి, కప్పు రంపపు పళ్ళలా ఉంటుంది. ఈ తేడా కట్టినవాళ్ళ ఇష్టం కాదు, మిషను పెట్టిన షరతు.

నూలు వడికే మిషన్లు ఒక తీరుగా తిరుగుతాయి, అదురు తక్కువ. వాటిని మిద్దె మీద మిద్దె పెట్టవచ్చు. కింద నీటి చక్రం, దాన్నుంచి నిలువుగా ఒక ఇరుసు పైదాకా, ప్రతి అంతస్తులో అడ్డ ఇరుసు, దాని నుంచి తోలు బెల్టులు. ఇరుసు పొడుగు పెరిగినకొద్దీ రాపిడికి పోయే శక్తి పెరుగుతుంది, కాబట్టి పక్కకు పరవడం కంటే పైకి లేపడం లాభం. వెడల్పు ఎందుకు తక్కువంటే వెలుతురు కోసం. కిటికీ పైఅంచు నేల నుంచి ఎంత ఎత్తుంటే దానికి రెండు, రెండున్నర రెట్ల లోతు దాకే పనికొచ్చే వెలుగు పోతుంది. మూడున్నర మీటర్ల ఎత్తు కిటికీ అయితే ఒక పక్క నుంచి ఎనిమిది మీటర్లు. రెండు పక్కలా కిటికీలుంటే భవనం వెడల్పు పదహారు. ఓస్లో అరవయ్యో అక్షాంశం మీద ఉంది. డిసెంబర్ నడుమ మధ్యాహ్నం కూడా సూర్యుడు ఏడు డిగ్రీలు లేవడు, పగలు ఆరు గంటలే. కిటికీలు అంత ఎత్తు ఉన్నది అందుకే.

మగ్గం కథ వేరు. సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) నడిచే వాడలో గోడకు చెయ్యి ఆనించినవాళ్ళకు ఇది విప్పి చెప్పాల్సిన పనిలేదు. అడ్డపోగును మోసే నాడె అటు పోతుంది, ఇటు వస్తుంది, దువ్వెనలాంటి పన్నె వచ్చి ఆ అడ్డపోగును, అంటే పేకను, గుద్దుతుంది. పాత రకం సాంచె నిమిషానికి నూటపాతిక పేకలు కొడితే సెకనుకు రెండు గుద్దులు, అన్నీ అడ్డంగా. వంద సాంచాలు పై అంతస్తులో పెడితే భవనం పక్కలకు ఊగుతుంది. భవనం తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క కూడా దానికి దగ్గరగా ఉందా, మూలల్లో పర్రెలు వస్తాయి. అందుకని మగ్గాలు నేల మీద, ఒకే అంతస్తు షెడ్డులో. షెడ్డు వెడల్పైతే పక్క కిటికీల వెలుగు నడిమికి చేరదు, కాబట్టి వెలుగు పైనుంచి రావాలి. అందుకే రంపపు పళ్ళ కప్పు, నిటారు వైపు అద్దం, అద్దం మొహం ఉత్తరానికి. ఎండ నేరుగా పడకూడదు. పడితే తెగిన పోగు కనిపించదు, రంగు తేడా తెలియదు.

ఇదే నమూనాను మనకు దించితే ఒక తిరకాసు ఉంది. వరంగల్ పద్దెనిమిదో అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకు ఉత్తరం పక్కనే ఉంటాడు. ఐరోపాలోలాగ అద్దాన్ని కొంచెం వాలుగా పెడితే సరిగ్గా మండే నెలల్లోనే ఎండ లోపల పడుతుంది. ఇక్కడ అద్దం నిటారుగా ఉండాలి, పైన జానెడు చూరైనా ముందుకు రావాలి. పాత షెడ్డును బాగుచేసేటప్పుడు పుస్తకంలోని బొమ్మ చూసి కట్టే ఇంజనీర్లు తప్పేది ఇక్కడే.

తేమ ఇంకో సంగతి. నూలు వడకడానికి గాలిలో 55 నుంచి 60 శాతం తేమ కావాలి, నేయడానికి 75 నుంచి 80. అంతకు తగ్గితే పోగు పెళుసై తెగుతుంది, దూది లేచి మొహానికి అంటుకుంటుంది. ఓస్లో చలికాలంలో సున్నాకు పది డిగ్రీల కింద ఉన్న గాలిని లోపలికి తీసి 22 డిగ్రీలకు వేడిచేస్తే తేమ పది శాతానికి పడిపోతుంది. మన మే నెల వడగాలి కంటే పొడి. అంటే అక్కడ చలికి, ఇక్కడ ఎండకు, రెండు చోట్లా మిల్లులో నీళ్ళు చల్లక తప్పదు. ఏండ్ల తరబడి చల్లిన ఆ నీళ్ళే గోడలో దూరిన దూలం కొసలను కుళ్ళబెడతాయి, ఇనుమును తినేస్తాయి. ఏ మిల్లునైనా కొత్త పనికి తీసుకునేవాళ్ళు ముందు పొడిచి చూడాల్సింది దూలం నడుమ కాదు, గోడలోకి పోయిన ఆ కొస.

బరువు మోసిన నేల

యూలా 1957లో మూతపడింది, సైల్‌డ్యూక్ 1960లో. బయటి దేశాల చవక గుడ్డ ముందు నిలవలేక. సైల్‌డ్యూక్ భవనాల్లో ఇప్పుడు నార్వే జాతీయ కళల అకాడమీ ఉంది. తెరచాప నేసిన చోట ఇప్పుడు టెక్స్‌టైల్ వర్క్‌షాపు కూడా నడుస్తోంది.

కళాశాల ఎందుకు కుదిరిందో లెక్క వేస్తే తెలుస్తుంది. భవనాల బరువుల మీద మన దేశపు ప్రమాణాల కోడ్ ప్రకారం ఇంటి నేల చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు కడతారు, తరగతి గది 300కి, పుస్తకాల ర్యాకులుండే గది 600కి. ఫ్యాక్టరీ నేల 500 నుంచి 1000. అంటే మిల్లులోకి బడి వస్తే నేలకు విశ్రాంతి దొరికినట్టే. అచ్చు యంత్రాలు, మట్టి బట్టీలు, రాతి దిమ్మెలు పెట్టుకునే కళాశాలకు ఇంతకంటే మంచి నేల కొత్తగా కట్టినా రాదు. అదే మిల్లును అపార్ట్‌మెంట్లుగా ముక్కలు చేయబోతే చిక్కు. పదహారు మీటర్ల వెడల్పులో నడుమ గదులకు కిటికీ ఉండదు, ప్రతి వంటింటికీ బాత్రూముకూ గొట్టాల కోసం నేలకు బొక్కలు కొట్టాలి, ఇంటింటి చప్పుడు కర్ర నేల గుండా కిందింటికి దిగుతుంది. ఆ నేలలు దశాబ్దాలు మిషన్ ఆయిల్ తాగినవి. పైన రంగు పట్టదు, ఎండ పడితే వాసన లేస్తుంది, నిప్పు అంటితే ఆగదు. తుడిచి పాలిష్ పెడితే పోయేది కాదు. పలకలు లేపేయాలి, లేదా పైన వేరే పొర వేయాలి.

గ్రూనర్‌లొక్కా దగ్గర ఏటి పక్కన ఒక ధాన్యం గోదాం ఉంది. 1953లో కట్టిన కాంక్రీటు గొట్టాల వరస, 2001లో విద్యార్థుల హాస్టల్ అయింది. 19 అంతస్తులు, 226 ఇండ్లు. గదులు గుండ్రం. ధాన్యం గొట్టంలో మనుషులు ఎట్లా పడతారన్న అనుమానానికి ఒక ఉదాహరణ లెక్క: ఆరు మీటర్ల అడ్డకొలత, నలభై మీటర్ల ఎత్తున్న గొట్టం నిండా గోధుమలు పోస్తే దాదాపు 870 టన్నులు. అదే గొట్టంలో పదహారు నేలలు వేసి, ఒక్కో చదరపు మీటరుకు నేల బరువు, మనుషులు, సామాను కలిపి 700 కిలోలు వేసుకున్నా 320 టన్నులు దాటదు. పునాదికి ఇది ఆటవిడుపు. చిక్కంతా గోడతో. గొట్టం గోడలో ఇనుప చువ్వలు గాజుల్లా చుట్టూ తిరిగి ఉంటాయి, ధాన్యం పక్కలకు నెట్టే నెట్టుడును అవే ఆపుతాయి. కిటికీ కోసినప్పుడల్లా ఆ గాజులు తెగుతాయి. ధాన్యం లేదు కాబట్టి నెట్టుడు లేదు, కానీ గోడ బిగువు పోతుంది. అందుకే ఇలాంటి పనిలో ముందు లోపల నేలలు వేసి గోడకు కట్టేసి, తర్వాత కిటికీలు కోయడం క్షేమం. వరస తప్పితే గొట్టం కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుంటుంది. ఇంకో చిన్న బాధ, గుండ్రటి గదిలో మన చదరపు బీరువా గోడకు ఆనదు.

దాని దగ్గర్లోనే వుల్కాన్. పాత ఇనుము పోత కార్ఖానా జాగ. అందులో 2012లో మాట్‌హల్లెన్ అనే తిండి బజారు తెరిచారు. బాగుంటుంది, ఖరీదెక్కువ. సోమవారాలు మూసి ఉండవచ్చు, పోయే ముందు చూసుకోండి. అక్కడి కొత్త భవనాలకు వేడి, చలువ రెండూ 300 మీటర్ల లోతు బోర్ల నుంచి తీసుకుంటారు. మన దగ్గర అంత లోతు బోరు నీళ్ళ కోసం వేస్తాం, వాళ్ళు భూమి వెచ్చదనం కోసం వేశారు.

వెనక్కి నాలుగడుగులు వేసి ఓమోట్‌బ్రూవా దాటండి. 1852 నాటి వేలాడే వంతెన. ఇంకో ఊళ్ళో ఇంకో నది మీద ఉండేది, దాన్ని విప్పి తెచ్చి ఇక్కడ కట్టారు. దాని మీద రాసిన మాట ఇది: వంద మందిని మోయగలను, కానీ అడుగు కలిపి కవాతు చేస్తే కూలిపోతాను. సాంచాల షెడ్డు నేల మీదే ఎందుకుండాలో ఆ ఒక్క మాటలో ఉంది. పిల్లలు వెంట ఉంటే అడుగు కలిపి నడిపించి చూడకండి, నిజంగానే ఊగుతుంది.

ఏటి నీళ్ళ గురించి ఒక్క మాట. రంగుల మిల్లులు నడిచిన రోజుల్లో ఏ రంగు అద్దకం జరిగితే ఏరు ఆ రంగులో పారేది. మిల్లులు మూతపడ్డాక కూడా మురుగు గొట్టాలు విడదీసి, ఒడ్డున నడక బాట కలుపుకుంటూ రావడానికి దశాబ్దాలు పట్టింది. చేపలు తిరిగొచ్చాయి. 2011లో నీటి శుద్ధి కేంద్రం నుంచి క్లోరిన్ ద్రావకం ఏట్లోకి కారి ఆ చేపలన్నీ చచ్చాయి, మళ్ళీ మొదటినుంచి. సెప్టెంబర్‌లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో ఒక సాయంత్రం ఏటి పొడుగునా దీపాలార్పి, కాగడాలు పెట్టి జనం నడుస్తారు. మన బతుకమ్మ రోజులకు అటూ ఇటూ వస్తుంది. ఆ వారంలో అక్కడ ఉంటే వదులుకోకండి.

మన దగ్గర మిగిలినవాటికి

అజంజాహీ పోయింది. దాని గురించి ఇంకా బాధపడటం దండగ. కానీ వరంగల్, జమ్మికుంట, పెద్దపల్లి వైపు పాత జిన్నింగ్ మిల్లులు, రైస్‌మిల్లులు, రైలు పట్టాల పక్క గోదాంలు ఇంకా ఉన్నాయి. వాటిలో పనికొచ్చే గోడలున్నాయి. గీసుగొండ వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో లేస్తున్న రేకు షెడ్లు వేరే జాతి, రేపు వాటిలోకి మిద్దె దించలేం. పాత ఇటుక మిల్లులోకి దించవచ్చు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మగ్గాలకు, అమ్మకానికి, నేర్పడానికి ఒక పాత మిల్లు షెడ్డు కంటే మంచి చోటు తోచడం లేదు. మగ్గం నేల మీదే ఉంటుంది, వెలుగు పైనుంచి వస్తుంది.

అలాంటి షెడ్డు చేతికొస్తే మొదట టేపు తీసి స్తంభానికీ స్తంభానికీ దూరం కొలవండి. కొత్త గోడలు ఆ వరస మీదే రావాలి. స్తంభం దేనితో చేసిందో చూడండి. గుండ్రంగా, లోపల డొల్లగా, పైన గరుకుగా ఉంటే పోత ఇనుము కావచ్చు. మీద పడే బరువు మోస్తుంది, పక్కకు లాగితే పెళుసుగా విరుగుతుంది. దానికి వెల్డింగ్ పెట్టనివ్వకండి. వేడికి పక్కనే పర్రె తీస్తుంది. అంచులున్న దూలానికి రివిట్లు కనిపిస్తే అది ఉక్కు కావచ్చు. దాని నడుమ పట్టీ మీద చేసిన కంపెనీ పేరు అచ్చు వేసి ఉండవచ్చు, తుప్పు గోకి చూడండి. ఆ పేరు దొరికితే ఇంజనీరుకు సగం పని తగ్గుతుంది.

కప్పు మీద సిమెంటు రేకులుంటే పాతవాటిలో ఆస్బెస్టాస్, అంటే ఊపిరితిత్తులను దెబ్బతీసే రాతినార, ఉందనే అనుకోవాలి. సుత్తితో కొట్టి పడేయడం మన అలవాటు, అదే ప్రమాదం. నీళ్ళతో తడిపి, బోల్టు విప్పి, రేకును విరగ్గొట్టకుండా దించి, రెండు పొరల మందపాటి ప్లాస్టిక్‌లో చుట్టాలి. పొడిగా కోయకూడదు, బొక్క వేయకూడదు, చీపురుతో ఊడ్వకూడదు.

గోడలు సున్నపు అడుసుతో కట్టినవైతే సందుల్లో సిమెంటు పెట్టనివ్వకండి. ఎక్కువ చెడేది ఇక్కడే, పని బాగా చేశామనుకుంటూ చెడగొడతారు. సిమెంటు ఇటుక కంటే గట్టి, తేమను బయటికి పోనివ్వదు. గోడలోని తేమ ఇక ఇటుక మొహం గుండానే బయటికి రావాలి. వస్తూ ఉప్పును తెస్తుంది, ఉప్పు గడ్డకట్టి ఇటుక పెచ్చులు రాలుస్తుంది. రెండు మూడు వానాకాలాలకు సందు నిలబడి, ఇటుక లోపలికి పోయి, గోడ జల్లెడలా కనిపిస్తుంది. ఓస్లోలో చలికి గడ్డకట్టిన నీళ్ళు చేసే పని, ఇక్కడ ఉప్పు చేస్తుంది. సరైన తీరు: పది మిల్లీమీటర్ల సందు అయితే ఇరవై, ఇరవై అయిదు మిల్లీమీటర్ల లోతు దాకా పాతది చేత్తో తీయాలి, గ్రైండర్ పెడితే ఇటుక అంచులు తెగుతాయి. దుమ్ము ఊది, ఇటుకను తడిపి, ఒక పాలు నానిన సున్నం, మూడు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపి రెండు విడతలుగా దూర్చాలి. వారం పాటు తడి గోనెసంచులు వేలాడదీయాలి. ఆ పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటే సున్నం గట్టిపడకముందే ఎండి పొడిగా రాలుతుంది. దసరా తర్వాత మొదలుపెట్టి సంక్రాంతిలోపు ముగించండి.

రంపపు పళ్ళ కప్పుకు ప్రాణం పళ్ళ నడుమ ఉండే కాలువల్లో ఉంది. ఓస్లోలో వాటిలో మంచు పేరుకుంటుంది, అది కరిగిన నీళ్ళు మళ్ళీ గడ్డకట్టి అద్దం అంచుల్లోంచి లోపలికి కారతాయి. ఇక్కడ వాన. ఒక పన్ను ఆరు మీటర్ల వెడల్పు, ముప్పై మీటర్ల పొడుగు అనుకుంటే 180 చదరపు మీటర్లు. గంటకు వంద మిల్లీమీటర్ల వాన పడితే ఆ ఒక్క కాలువలోకి గంటకు 18,000 లీటర్లు. నాలుగంగుళాల గొట్టం ఒక్కటి అలాంటి వానలో 85 చదరపు మీటర్ల కప్పుకే సరిపోతుంది, కాబట్టి కాలువకు మూడు గొట్టాలుండాలి. పాత మిల్లుల్లో కొసకు ఒకటి కనిపిస్తుంది, అందులో పావురాల గూడు, వేపాకు చెత్త. గోడలు, దూలాలు, నేలలు ఏవి బాగుచేసినా ఈ కాలువ పొంగితే అన్నీ మళ్ళీ తడుస్తాయి. మృగశిర కార్తెకు వారం ముందు ఒక మనిషిని నడుముకు తాడు కట్టి పైకెక్కించండి. రేకు మీద కాదు, బోల్టుల వరస మీద పలక వేసి దాని మీద నడవమనండి. కాలువ తీశాక ఒక్కో గొట్టంలో రెండు బకెట్ల నీళ్ళు పోయించి, కింద నిలబడి చూడండి. చుక్కలు చుక్కలుగా వస్తే వంపు దగ్గర ఇంకా ఏదో ఇరుక్కుంది, మళ్ళీ విప్పించండి.